పొరుగింటి క్లోజర్, పెరట్లో కుర్రాడు

2016 నవంబర్ 2 రాత్రి, క్లీవ్‌లాండ్. అమెరికా బేస్‌బాల్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్‌లో ఏడో ఆట, ఎనిమిదో ఇన్నింగ్స్, అప్పటికే రెండు ఔట్లు పడ్డాయి. 1908 తర్వాత కప్పు మొహం చూడని షికాగో కబ్స్ 6-3తో ముందుంది. ఇంకో నాలుగు ఔట్లు తీస్తే 108 ఏళ్ల ఎదురుచూపు తీరిపోతుంది. అప్పుడు బంతి అరోల్డిస్ చాప్‌మన్ చేతికి ఇచ్చారు. గంటకు 105 మైళ్లు దాటిన వేగంతో బంతి విసిరిన చరిత్ర ఉన్న మనిషి అతను. ఇలాంటి నాలుగు ఔట్ల కోసమే మూడు నెలల కిందట కబ్స్ నలుగురు ఆటగాళ్లను న్యూయార్క్ యాంకీస్‌కి అప్పజెప్పి మరీ అతన్ని తెచ్చుకుంది. ఎదురుపడిన మొదటి బ్యాటరే డబుల్ కొట్టాడు, ఒక పరుగు వచ్చింది. ఆ వెంటనే రాజాయ్ డేవిస్ అనే బ్యాటర్, పెద్ద హిట్టర్‌గా ఎవరూ లెక్కలో వేసుకోని వాడు, బంతిని ఎడమవైపు గోడ దాటించాడు (హోమ్ రన్ అంటే అదే), ఇంకో రెండు పరుగులు. 6-6.

తర్వాత ఏం జరిగిందో బేస్‌బాల్ చూసేవాళ్లకి తెలుసు. తొమ్మిదో ఇన్నింగ్స్‌ని చాప్‌మన్ ఎలాగో పరుగు ఇవ్వకుండా దాటించాడు, 17 నిమిషాలు వాన పడి ఆట ఆగింది, పదో ఇన్నింగ్స్‌లో కబ్స్ రెండు పరుగులు చేసి 8-7తో గెలిచేసింది. తమాషా ఏంటంటే రికార్డు పుస్తకంలో ఆ ఆట గెలిపించిన పిచర్ పేరు చాప్‌మన్ అనే ఉంటుంది. ఆధిక్యం పోగొట్టింది ఆయనే, గెలుపు రాసింది ఆయన ఖాతాలోనే. అసలు చివరి ఔట్ తీసింది మైక్ మాంట్‌గోమరీ అనే మరో ఎడమచేతి పిచర్. అప్పటివరకు మేజర్ లీగ్‌లో అతనికి ఒక్క సేవ్ (తక్కువ తేడా ఆధిక్యాన్ని కాపాడి ఆట ముగించినవాడి ఖాతాలో రాసేది) కూడా లేదు. అతన్ని కూడా అదే జూలైలో సియాటిల్ నుంచి తెచ్చుకున్నారు, చాప్‌మన్‌కి పెట్టిన దాంతో పోలిస్తే చాలా చవకగా.

పేరున్న రిలీఫ్ పిచర్ కోసం ఎదిగే కుర్రాళ్లను ఇచ్చేయడం తెలివైన బేరమా, పిచ్చి బేరమా అన్న వాదన ప్రతి జూలైలో అమెరికాలో మొదలవుతుంది. ఆ ఒక్క ఆటలోనే వాదనకి రెండువైపులా సాక్ష్యం దొరుకుతుంది. అందుకే అక్కడి నుంచి మొదలుపెట్టడం.

బేస్‌బాల్ పెద్దగా పరిచయం లేనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఆట మొదలుపెట్టే పిచర్‌ని స్టార్టర్ అంటారు. అతను ఐదారు ఇన్నింగ్స్ వేశాక అలిసిపోతాడు, అప్పుడు బుల్‌పెన్‌లో కూర్చున్న రిలీఫ్ పిచర్లు ఒక్కొక్కరే వస్తారు. ఆఖరి ఇన్నింగ్స్‌లో తక్కువ తేడాతో ఉన్న ఆధిక్యాన్ని కాపాడేవాడు క్లోజర్. టీ20లో పంతొమ్మిదో ఓవరో ఇరవయ్యో ఓవరో వేసే బౌలర్ లాంటివాడు అనుకోవచ్చు. ఒక పెద్ద తేడా ఉంది. క్రికెట్‌లో బుమ్రాని మూడో ఓవర్‌లో వాడి, మళ్లీ చివర్లో తెచ్చుకోవచ్చు. బేస్‌బాల్‌లో ఒకసారి బయటికి పంపితే ఆ రోజుకి అంతే, తిరిగి రాలేడు. కాబట్టి మంచి రిలీవర్‌ని ఎప్పుడు దింపాలన్నది మేనేజర్‌కి ప్రతి రాత్రీ తలనొప్పే.

ఇక ప్రాస్పెక్ట్ అంటే ఇంకా మైనర్ లీగుల్లో, అంటే మేజర్ లీగ్‌కి కింది మెట్లలో, ఆడుతున్న కుర్రాడు, రేపు స్టార్ అవుతాడని అందరూ అనుకుంటున్నవాడు. ఇక్కడ మన సామెత భలే సరిపోతుంది: ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. పద్దెనిమిదేళ్ల కుర్రాడు, ఇంకా మేజర్ లీగ్ బంతి ఒక్కటి కూడా ఎదుర్కోలేదు, అప్పుడే ర్యాంకులు, లిస్టులు, ఇంటర్వ్యూలు. అయినా ఆ సోమలింగానికి మార్కెట్లో ఖరీదు ఉంది, ఆ ఖరీదుకి గట్టి కారణమూ ఉంది. ఒక ఆటగాడు మేజర్ లీగ్‌కి వచ్చాక దాదాపు ఆరేళ్లు అతని మీద హక్కు క్లబ్‌దే. మొదటి మూడేళ్లు కనీస వేతనానికి దగ్గర్లోనే ఆడతాడు (2025లో అది 7,60,000 డాలర్లు), ఆ తర్వాత మూడేళ్లు జీతం పెరుగుతూ వస్తుంది కానీ బహిరంగ మార్కెట్ ధరకి చేరదు. అంటే స్టార్ అయిన కుర్రాడు ఆరేళ్లపాటు క్లబ్‌కి చౌకగా దొరికిన బంగారం లాంటివాడు.

పైగా కొనుగోలుకి వాడే చిల్లర కూడా ఈ కుర్రాళ్లే. బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో అయితే రాబోయే డ్రాఫ్ట్ పిక్కుల్ని (కొత్త కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకునే హక్కుల్ని) ఇచ్చి స్టార్‌ని తెచ్చుకుంటారు. బేస్‌బాల్‌లో కొన్ని ప్రత్యేకమైన పిక్కులు తప్ప డ్రాఫ్ట్ పిక్కుని అమ్మే వీల్లేదు, ఆ ఏడాది డ్రాఫ్ట్ చేసిన కుర్రాణ్ని కూడా వరల్డ్ సిరీస్ అయ్యేదాకా ట్రేడ్ చేయకూడదు. ఐపీఎల్ వేలంలోలా డబ్బు సంచి బల్లమీద పెట్టి ఎత్తుకుపోవడమూ కుదరదు. ఇక మిగిలింది మైనర్ లీగుల్లో ఉన్న పిల్లలే. జూలై నెలాఖరుకి గడువు. 2018 వరకు ఆగస్టులో కూడా దొడ్డిదారి ఒకటి ఉండేది, దాన్ని మూసేశాక టెన్షన్ అంతా ఆ చివరి వారంలోకే వచ్చి పడింది.

లెక్క ప్రకారం చూస్తే ఈ బేరం ఎప్పుడూ పిచ్చి బేరంలాగే కనిపిస్తుంది. ఒక జట్టు సీజన్ మొత్తం 162 ఆటలు ఆడుతుంది, సుమారు 1,450 ఇన్నింగ్స్ వేస్తుంది. అందులో పేరుమోసిన క్లోజర్ వాటా అరవై, డెబ్భై. జూలై చివర్లో తెచ్చుకున్నవాడికి మిగిలేది ఇరవై, ఇరవై ఐదు. చాప్‌మన్ 2016లో కబ్స్ తరఫున రెగ్యులర్ సీజన్‌లో వేసింది అచ్చంగా 26 ఇన్నింగ్స్, ఆపైన రెండు ఔట్లు. సీజన్ అయ్యాక అతను ఫ్రీ ఏజెంట్, అంటే కబ్స్‌కి అతని మీద ఏ హక్కూ లేదు. ఆ డిసెంబర్‌లో ఐదేళ్లకి 8.6 కోట్ల డాలర్లు తీసుకుని తిరిగి యాంకీస్‌లోనే చేరాడు. యాంకీస్ వైపు నుంచి చూస్తే అద్దెకిచ్చిన ఇల్లు మూడు నెలలకి తిరిగొచ్చింది, అద్దె కింద గ్లేబర్ టోరెస్ మిగిలాడు. 2013లో పదహారేళ్ల వయసులో వెనెజువెలా నుంచి కబ్స్ సంతకం చేయించుకున్న ఈ షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్), 2018, 2019 రెండేళ్లూ యాంకీస్ తరఫున ఆల్‌స్టార్. 2019లో 38 హోమ్ రన్లు కొట్టాడు.

26 ఇన్నింగ్స్ ఒకవైపు, ఆరేళ్ల ఆల్‌స్టార్ ఒకవైపు. తూకం వేస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. కానీ కిలోల్లో తూచే సరుకు కాదు ఇది. కబ్స్ కొన్నది ఇన్నింగ్స్‌ని కాదు, ఆ ఇన్నింగ్స్ ఎక్కడ పడతాయో ఆ చోటుని. అక్టోబర్‌లో, అంటే ప్లేఆఫ్‌ల్లో, ఆటల మధ్య సెలవు రోజులు ఉంటాయి, కాబట్టి ఏప్రిల్‌లో ఒక ఇన్నింగ్స్ వేసే మనిషి చేత రెండు, మూడు వేయించుకోవచ్చు. ఆ వరల్డ్ సిరీస్‌లో కబ్స్ 3-1తో వెనకబడి, ఓడితే ఇంటికే అన్న ఐదో ఆటలో 3-2తో ముందుంది. ఏడో ఇన్నింగ్స్‌లో ఒక ఔట్ పడగానే చాప్‌మన్‌ని దింపి చివరిదాకా అతనితోనే ఎనిమిది ఔట్లు తీయించారు, 42 బంతులు. ఆ ఆట గెలవకపోతే ఏడో ఆటే లేదు, వానా లేదు, కప్పూ లేదు. ఆరో ఆటలో మాత్రం ఐదు పరుగుల ఆధిక్యం ఉండగా కూడా మేనేజర్ జో మాడన్ అతన్ని దింపి ఇంకో 20 బంతులు వేయించాడు. దాని మీద ఇప్పటికీ తిట్లు పడుతూనే ఉంటాయి, ఆ తిట్లలో న్యాయమూ ఉంది. ఏడో ఆటలో 35. మూడు ఆటల్లో 97 బంతులు. రాజాయ్ డేవిస్‌కి ఎదురుగా నిలబడింది అలిసిపోయిన చెయ్యి. కొన్న సరుకులో లోపం లేదు, వాడకం అలా ఉంది.

అసలు చాప్‌మన్ కథలో ఇంకో మురికి కూడా ఉంది, దాన్ని దాటేసి లెక్కలు చెప్పుకోవడం బాగుండదు. 2015 చివర్లో అతని మీద గృహహింస ఆరోపణ వచ్చింది, 2016 సీజన్ మొదట్లో 30 ఆటల నిషేధం పడింది. ఆ ఆరోపణ వల్లే సిన్సినాటి రెడ్స్ నుంచి యాంకీస్‌కి అతను చవకగా దొరికాడు. చవకగా తెచ్చి, మూడు నెలలు వాడుకుని, టోరెస్‌కి అమ్మారు. వ్యాపారంగా అద్భుతమే. వ్యాపారం అనే మాటని ఎంతవరకు సాగదీయొచ్చు అన్న ప్రశ్న అక్కడ చాలామంది అభిమానులే అడిగారు.

కబ్స్ టోరెస్‌ని ఎందుకు వదులుకోగలిగింది? అప్పట్లో అందరూ చెప్పిన సమాధానం, దారి మూసుకుపోయింది అని. షార్ట్‌స్టాప్‌లో అడిసన్ రస్సెల్, వయసు 22. పక్కనే హావియర్ బాయెజ్, వయసు 23. ఇద్దరూ కుర్రాళ్లే, ఇద్దరూ పదేళ్లు ఆడతారు, టోరెస్‌కి చోటెక్కడ? ఇలా అనుకున్నారు. మూడేళ్లు తిరిగేసరికి రస్సెల్ మీద కూడా గృహహింస విషయంలో 40 ఆటల నిషేధం పడి, 2019 చివర్లో క్లబ్ అతన్ని వదిలేసింది. 2021 జూలైలో బాయెజ్‌ని ట్రేడ్ చేసేశారు. మూసుకుపోయిందన్న దారి ఐదేళ్లలో బోసిగా మిగిలింది.

రిలీఫ్ పిచర్ బేరాల్లో క్లబ్బులు తమని తాము మోసం చేసుకునేది ఎక్కువగా ఇక్కడే. అవతలి పిచర్‌ని అంచనా వేయడంలో కన్నా, తమ కుర్రాణ్ని అంచనా వేయడంలో. పొరుగింటి పుల్లకూర రుచి, పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు అని రెండు సామెతలున్నాయి మనకి, ఒకే జబ్బుకి రెండు పేర్లు. దానికి తిరుగులేని ఉదాహరణ బోస్టన్‌లో జరిగింది.

1990 ఆగస్టు చివర్లో బోస్టన్ రెడ్ సాక్స్ తన డివిజన్ (లీగ్‌లో ఒక గ్రూపు) గెలవడానికి పరుగు పెడుతోంది. బుల్‌పెన్ పలచగా ఉంది. హ్యూస్టన్‌లో లారీ ఆండర్సన్ అని 37 ఏళ్ల రిలీవర్ ఉన్నాడు, నికార్సయిన పిచర్. అతని కోసం బోస్టన్ ఇచ్చింది జెఫ్ బాగ్‌వెల్ అనే థర్డ్ బేస్ కుర్రాణ్ని. పుట్టింది బోస్టన్‌లో, పెరిగింది పక్కనే కనెటికట్‌లో. డబుల్-ఎ అనే మైనర్ లీగ్ స్థాయిలో ఆ ఏడాది అతని బ్యాటింగ్ సగటు .333, కానీ హోమ్ రన్లు నాలుగే నాలుగు. బలం లేని థర్డ్ బేస్‌మన్ అని తేల్చేశారు, పైగా ఆ స్థానంలో వేడ్ బాగ్స్ అనే మహామహుడు ఉన్నాడు. దారి మూసుకుపోయింది కదా.

ఆండర్సన్ తన పని తాను చేశాడు. 22 ఇన్నింగ్స్, ఈఆర్ఏ 1.23. ఈఆర్ఏ అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కి పిచర్ ఇచ్చే పరుగుల సగటు, రెండు లోపు ఉందంటే దాదాపు ఎవరూ కొట్టలేకపోయారని అర్థం. బోస్టన్ డివిజన్ గెలిచింది కూడా, రెండు ఆటల తేడాతో. ఆ తర్వాత ఓక్లాండ్ చేతిలో 4-0తో ఊడ్చుకుపోయింది. సీజన్ కాగానే ఆండర్సన్ శాన్ డియేగోకి వెళ్లిపోయాడు. బాగ్‌వెల్ మరుసటి ఏడాదే రూకీ ఆఫ్ ద ఇయర్, 1994లో ఎంవీపీ (లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడు), 15 సీజన్లూ హ్యూస్టన్‌లోనే, 449 హోమ్ రన్లు, 2017లో హాల్ ఆఫ్ ఫేమ్.

ఈ కథని అందరూ బోస్టన్ మూర్ఖత్వంగా చెప్తారు. అసలు గమనించాల్సిన చిన్న విషయం ఒకటి ఎప్పుడూ పక్కకి పోతుంది. హ్యూస్టన్‌లో కూడా థర్డ్ బేస్ ఖాళీగా లేదు! అక్కడ కెన్ కామినిటీ ఉన్నాడు. బాగ్‌వెల్‌కి అక్కడా దారి మూసే ఉంది. వాళ్లేం చేశారు? 1991 వసంత శిక్షణలో అతన్ని ఫస్ట్ బేస్‌కి మార్చేశారు, అంతే. బ్యాటింగ్ బాగా చేసేవాడికి చోటు వెతకడం క్లబ్ పని అనుకున్నారు వాళ్లు, కుర్రాడి సమస్య అనుకోలేదు. వేడ్ బాగ్స్ 1992 సీజన్ తర్వాత బోస్టన్ వదిలి యాంకీస్‌కి వెళ్లిపోయాడన్నది ఈ వ్యవహారంలో కొసమెరుపు. రెండేళ్లు ఓపిక పట్టి ఉంటే ఆ దారి కూడా తెరుచుకునేది.

ఏడేళ్ల తర్వాత బోస్టన్‌కి వడ్డీతో సహా తిరిగొచ్చింది, ఈసారి నష్టపోయింది సియాటిల్ మారినర్స్. 1997లో ఆ జట్టు మామూలు జట్టు కాదు, కెన్ గ్రిఫీ జూనియర్ 56 హోమ్ రన్లు కొట్టాడు, ర్యాండీ జాన్సన్ 20 గెలిచి 4 ఓడాడు, అలెక్స్ రోడ్రిగెజ్, ఎడ్గర్ మార్టినెజ్ అదే లైనప్‌లో. బుల్‌పెన్ మాత్రం గెలిచిన ఆటల్ని వరసగా చేజార్చేది. జూలై 31న గడువు గంట కొట్టేలోపు సియాటిల్ రెండు బేరాలు చేసింది. ఒకదాంట్లో హోసే క్రూజ్ జూనియర్‌ని టొరంటోకి ఇచ్చి ఇద్దరు రిలీవర్లను తెచ్చుకుంది. రెండోదాంట్లో క్యాచర్ (పిచర్ వేసే బంతిని పట్టేవాడు) జేసన్ వారిటెక్‌నీ పిచర్ డెరెక్ లోనీ, ఇద్దర్నీ, బోస్టన్‌కి ఇచ్చి హీత్‌క్లిఫ్ స్లోకమ్‌ని తెచ్చుకుంది. ఆ సీజన్‌లో అప్పటిదాకా స్లోకమ్ గెలుపులు సున్నా, ఓటములు ఐదు, ఈఆర్ఏ 5.79. మరోసారి చదవండి, 5.79. ఆండర్సన్‌లా బ్రహ్మాండంగా వేస్తున్నవాడు కాదు, బోస్టన్ వదిలించుకోవాలని చూస్తున్నవాడు. క్లోజర్ అన్న బోర్డు మెడలో ఉంది కాబట్టి సియాటిల్ క్లోజర్ రేటు కట్టింది.

సియాటిల్ డివిజన్ గెలిచి, మొదటి రౌండ్‌లోనే బాల్టిమోర్ చేతిలో ఓడింది. వారిటెక్ తర్వాతి కాలంలో బోస్టన్ కెప్టెన్ అయ్యాడు. డెరెక్ లో 2000లో అదే క్లోజర్ పనిలో 42 సేవ్‌లు తీశాడు, అంటే సియాటిల్ దేనికోసమైతే ఊరంతా తిరిగిందో అది వాళ్ల మైనర్ లీగ్ జట్టులోనే కూర్చుని ఉంది. 2004లో బోస్టన్ 86 ఏళ్ల తర్వాత కప్పు గెలిచినప్పుడు మూడు రౌండ్లలోనూ చివరి ఆట గెలిపించిన పిచర్ లో, బంతి పట్టింది వారిటెక్.

బోస్టన్ 1990లో చేసిన తప్పు, సియాటిల్ 1997లో చేసిన తప్పు ఒకటి కాదు. బోస్టన్ తన కుర్రాణ్ని తక్కువ చూసింది, తెచ్చుకున్నవాణ్ని సరిగానే చూసింది. సియాటిల్ రెండుచోట్లా పొరబడింది, దానికి కారణం కంగారు. వారం వారం బుల్‌పెన్ కొంప ముంచుతుంటే, అభిమానులు తిడుతుంటే, గడువు గంటల్లోకి వచ్చేస్తే, అమ్మేవాడికి ఆ కంగారు ఫోన్‌లోనే వినిపిస్తుంది. ఆకలి మీదున్నవాడు హోటల్లో రేటు అడగడు.

అయితే ఇక్కడ ఒక దొంగలెక్క జరుగుతుంటుంది, అదీ చెప్పుకోవాలి. బాగ్‌వెల్ పేరు అందరికీ గుర్తుంటుంది, ఎందుకంటే అతను బాగ్‌వెల్ అయ్యాడు. కాలేకపోయినవాళ్ల పేర్లు ఎవరికి గుర్తు? చాప్‌మన్‌ని అమ్మిన వారం తిరగకుండానే, 2016 జూలై 31న, యాంకీస్ తన రెండో పెద్ద రిలీవర్ ఆండ్రూ మిల్లర్‌ని కూడా క్లీవ్‌లాండ్‌కి అమ్మింది. ప్రతిగా వచ్చిన నలుగురిలో పెద్ద పేర్లు రెండు: 2013 డ్రాఫ్ట్‌లో ఐదో నంబర్‌గా వెళ్లిన క్లింట్ ఫ్రేజియర్, ఎడమచేతి పిచర్ జస్టస్ షెఫీల్డ్. ఆ రోజు కాగితం మీద టోరెస్ బేరానికి ఇది ఏమాత్రం తీసిపోలేదు. ఫ్రేజియర్ గాయాలతో, అడపాదడపా ఆటతో సరిపెట్టుకుని స్టార్ కాలేకపోయాడు. షెఫీల్డ్‌ని 2018లో సియాటిల్‌కి పంపి జేమ్స్ పాక్స్‌టన్‌ని తెచ్చుకున్నారు, అతనూ నిలదొక్కుకోలేదు. క్లీవ్‌లాండ్‌కి వచ్చిన మిల్లర్ మాత్రం ఆ అక్టోబర్‌లో 19 ఇన్నింగ్స్‌కి పైగా వేసి 30 స్ట్రైకౌట్లు (బ్యాటర్‌ని పిచర్ మూడు స్ట్రైకులతో పంపేసే ఔట్లు) తీశాడు, టొరంటోతో సిరీస్‌లో ఎంవీపీ అయ్యాడు, ఐదో ఇన్నింగ్స్ అయినా ఆరో ఇన్నింగ్స్ అయినా ప్రమాదం ఉన్నచోటికి దిగేవాడు. పైగా అతని కాంట్రాక్ట్ 2018 వరకు ఉంది, చాప్‌మన్‌లా మూడు నెలల చుట్టం కాదు. ఈ బేరంలో కొన్నవాడే గెలిచాడని ఇప్పుడు నిస్సందేహంగా చెప్పొచ్చు, కానీ ఆ సంగతి ఎవరూ కథలుగా చెప్పుకోరు. ఏడో ఆటలో ఆ మిల్లర్ కూడా హోమ్ రన్ ఇచ్చాడు, అదీ ఆ రాత్రితో రిటైరవుతున్న 39 ఏళ్ల డేవిడ్ రాస్‌కి! ఒకే అంగడిలో వారం తేడాలో కొన్న రెండు ఖరీదైన సరుకులూ ఒకే రాత్రి పగిలాయి.

ఈ మిల్లర్ జాతకమే ఒక పాఠం. 2006 డ్రాఫ్ట్‌లో ఆరో నంబర్. డెట్రాయిట్ 2007 చివర్లో మిగెల్ కబ్రేరాని తెచ్చుకోవడానికి ఇచ్చిన ప్రాస్పెక్టుల్లో ముఖ్యుల్లో ఇతనొకడు. స్టార్టర్‌గా విఫలమయ్యాడు, బోస్టన్‌లో రిలీవర్‌గా మారాక వెలిగాడు. 2014లో బోస్టన్ అతన్ని రెండు నెలల కోసం బాల్టిమోర్‌కి ఇచ్చి ఎడువార్డో రోడ్రిగెజ్ అనే కుర్ర పిచర్‌ని తీసుకుంది. బాల్టిమోర్‌కి మిల్లర్ 20 ఇన్నింగ్స్ అద్భుతంగా వేశాడు, ఆ జట్టు కాన్సాస్ సిటీ చేతిలో 4-0తో ఓడింది, అతను ఫ్రీ ఏజెంట్‌గా వెళ్లిపోయాడు. రోడ్రిగెజ్ 2019లో బోస్టన్ తరఫున 19 ఆటలు గెలిచాడు. ఒకే మనిషి, ఒకసారి చిల్లరగా, ఒకసారి అద్దె సరుకుగా, ఒకసారి సొంత సరుకుగా చేతులు మారాడు. మనిషి మారలేదు, ఎంతకాలానికి దొరుకుతున్నాడు, ఎవరు ఏ అవసరంలో ఉన్నారు అన్నవే మారాయి, వాటితోపాటే రేటూ మారింది.

దీంట్లోనే ఇంకో సంగతి దాగుంది. పెద్ద రిలీవర్లలో చాలామంది స్టార్టర్లుగా పనికిరాక అటు వెళ్లినవాళ్లే, మరియానో రివేరా సహా. అంటే రిలీవర్‌ని తయారు చేసుకోవచ్చు. రెండు రకాల బంతులు గట్టిగా వేయగలిగి, ఒక్క ఇన్నింగ్స్‌కి ఒళ్లంతా పెట్టి విసరగలిగితే చాలు. అదే కారణంగా వాళ్లు త్వరగా చెడిపోతారు కూడా. అరవై ఇన్నింగ్స్ చూసి నిరుటి ఈఆర్ఏ 1.50 అని మురిసిపోతే, అందులో ఎంత నైపుణ్యమో ఎంత అదృష్టమో విడదీయడం కష్టం. 2025 జూలైలో న్యూయార్క్ మెట్స్ ముగ్గురు కుర్రాళ్లను ఇచ్చి సెయింట్ లూయిస్ క్లోజర్ ర్యాన్ హెల్స్‌లీని తెచ్చుకుంది. కొత్త జట్టులో అతని ఈఆర్ఏ 7.20, మెట్స్ సీజన్ చివరి రోజున ప్లేఆఫ్ చోటు పోగొట్టుకుంది. అదృష్టం ఏంటంటే ఇచ్చినవాళ్లలో పెద్ద పేర్లు లేవు. అదే ఏడాది లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ అయితే కుర్రాళ్ల జోలికి పోకుండా, అంతకుముందు చలికాలంలోనే నాలుగేళ్లకి 7.2 కోట్ల డాలర్లు పోసి టానర్ స్కాట్‌ని కొనుక్కుంది, అతనికీ ఆ సీజన్ కలిసిరాలేదు. చివరికి వరల్డ్ సిరీస్ ఏడో ఆటని ముగించింది స్టార్టర్ యోషినోబు యమమోటో, ముందురోజు 96 బంతులు వేసిన చేత్తోనే.

టెక్సాస్ కథ ఇంకా చిక్కు. డాలస్ చుట్టుపక్కల ఇర్వింగ్, ఫ్రిస్కో, ప్లేనోల్లో ఉండే తెలుగువాళ్లకి ఆర్లింగ్టన్ స్టేడియం తెలిసే ఉంటుంది. 2023 జూన్ 30న ఆ రేంజర్స్ జట్టు కాన్సాస్ సిటీ నుంచి ఓ రిలీవర్‌ని తెచ్చుకుంది. ఎవర్నో కాదు, మళ్లీ చాప్‌మన్‌నే. ఏడేళ్లలో జుట్టు నెరిసి, యాంకీస్‌లో క్లోజర్ ఉద్యోగం ఊడి, కాన్సాస్ సిటీలో 37.5 లక్షల డాలర్ల ఒక్క ఏడాది ఒప్పందంతో బతుకు మళ్లీ మొదలుపెట్టిన చాప్‌మన్. ఇచ్చింది కోల్ రేగన్స్‌ని, తోడుగా ఇంకో కుర్రాణ్ని. రేగన్స్ 2016 మొదటి రౌండ్ డ్రాఫ్ట్, మోచేతికి రెండుసార్లు టామీ జాన్ ఆపరేషన్, వయసు 25, ఆ ఏడాది రేంజర్స్ బుల్‌పెన్‌లో ఈఆర్ఏ 5.92. వదులుకుంటే ఎవరికీ నిద్ర పట్టకపోయే రకం కాదు. కాన్సాస్ సిటీ అతన్ని స్టార్టర్‌ని చేసింది. మిగిలిన సీజన్‌లో 12 ఆటలు మొదలుపెట్టి ఈఆర్ఏ 2.64. మరుసటి ఏడాది ఆల్‌స్టార్, 223 స్ట్రైకౌట్లు, ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు ఓటింగ్‌లో నాలుగో స్థానం.

రేంజర్స్ ఆ ఏడాదే చరిత్రలో మొదటిసారి కప్పు గెలిచింది. చాప్‌మన్ వల్లేనా? టెక్సాస్‌లో అతని ఈఆర్ఏ 3.72, బాగుంది అనొచ్చు, గొప్పది కాదు. అక్టోబర్‌లో క్లోజర్‌గా వాడుకున్నది హోసే లెక్లెర్క్‌ని. ఇంతే అయితే దండగ బేరం అని తేల్చేయొచ్చు. కానీ ఆ సీజన్‌లో రేంజర్స్ 90 గెలిచింది, సియాటిల్ 88 గెలిచి ఇంట్లో కూర్చుంది. రెండు గెలుపుల తేడా. చాప్‌మన్ వేసిన 29 ఇన్నింగ్స్‌లో ఆ రెండు గెలుపులు ఉన్నాయా లేవా? ఏ లెక్కా దీన్ని తేల్చదు. కప్పు వచ్చింది కాబట్టి ఆర్లింగ్టన్‌లో ఎవరూ రేగన్స్ గురించి ఏడవరు, అదే సియాటిల్‌లో అయితే వారిటెక్ గురించి పాతికేళ్లు దాటినా ఏడుస్తూనే ఉన్నారు. న్యాయంగా చూస్తే కుర్రాణ్ని తప్పుగా చదవడం రెండుచోట్లా జరిగింది, ఫలితం మాత్రం ఒకచోట కప్పేసింది.

కుర్ర పిచర్లని చదవడం అసలే కష్టం, చేతులు అంత తొందరగా తెగుతాయి. అదే రేంజర్స్‌లో ఆ సమయానికి కుమార్ రాకర్ ఉన్నాడు, తల్లివైపు భారతీయ మూలాలున్న కుర్రాడు, 2022 డ్రాఫ్ట్‌లో మూడో నంబర్. రేగన్స్‌ని ఇచ్చేయడానికి నెల ముందే అతనికీ టామీ జాన్ ఆపరేషన్ అయింది. ఎవర్ని దాచుకోవాలి, ఎవర్ని ఇవ్వాలి అని ఆ నెలలో ఎవరైనా అడిగి ఉంటే పదిమందిలో తొమ్మిదిమంది రేగన్స్‌నే ఇచ్చెయ్యమనేవారు.

కాబట్టి టోరెస్ బేరాన్ని మిగతావాటి పక్కన పెట్టి చూస్తే, తిట్లు ఎక్కువ తిన్నా అదే శుభ్రమైన బేరం అనిపిస్తుంది. దారి మూసుకుపోయింది అన్న సాకు ఎవరు చెప్పినా, టోరెస్ విలువ ఏంటో అప్పటి కబ్స్ అధిపతి థియో ఎప్‌స్టీన్‌కి తెలియక కాదు, బోస్టన్ బాగ్‌వెల్‌ని గుర్తుపట్టలేకపోవడం లాంటిది కాదిది. ఇది ఎక్కువ రేటు అని తెలిసే కట్టాడు. 103 ఆటలు గెలిచిన జట్టు అది, మిగతా అంగాలన్నీ కుదిరి ఉన్నాయి, ఒక్క చివరి ఇన్నింగ్సే బెంగ. అలాంటి జట్టు విత్తనాల వడ్లు అమ్ముకున్నా అర్థం ఉంది. 83 గెలుపుల జట్టు అదే పని చేస్తే అది వేరే సంగతి. 2022 నుంచి ప్లేఆఫ్‌కి 12 జట్లు వెళ్తుండటంతో ఆ 83 గెలుపుల జట్టు కూడా తనకీ అవకాశం ఉందనుకుంటోంది. కొనేవాళ్లు పెరిగారు, అమ్మేవాళ్లు తగ్గారు, రేట్లు అందుకే మండుతున్నాయి.

ఎంత మండుతున్నాయో 2025 జూలై 31న శాన్ డియేగో పాడ్రెస్ చూపించింది. ఓక్లాండ్ వదిలి సాక్రమెంటోలో తలదాచుకుంటున్న అథ్లెటిక్స్ నుంచి క్లోజర్ మేసన్ మిల్లర్‌ని (పాత ఆండ్రూ మిల్లర్‌కి ఏమీ కాడు) తెచ్చుకుంది, అతనితోపాటు ఒక స్టార్టర్‌ని కూడా. అప్పటికే రాబర్ట్ సువారెజ్ అనే నిఖార్సయిన క్లోజర్ తన దగ్గర ఉన్నా సరే. ప్రతిగా వెళ్లినవాళ్లలో ముఖ్యుడు లియో డి వ్రీస్, 18 ఏళ్ల షార్ట్‌స్టాప్, దేశంలోని మొదటి ఐదుగురు ప్రాస్పెక్టుల్లో ఒకడని పేరు. ఇంత పెద్ద ర్యాంకున్న కుర్రాణ్ని రిలీవర్ కోసం ఇవ్వడం చాలా అరుదు. ఒకే ఒక్క సమర్థన, మిల్లర్ అద్దె సరుకు కాదు, 2029 దాకా హక్కు పాడ్రెస్‌దే. ఆ మొదటి అక్టోబర్‌లో మిల్లర్ కొట్టనివ్వని బంతులే వేశాడు, జట్టు మాత్రం మొదటి రౌండ్‌లోనే కబ్స్ చేతిలో 2-1తో ఓడిపోయింది. ఆ ఓటమి నాటికి ఇంకా నాలుగు సీజన్లు మిగిలున్నాయి. అవి అయిపోయి మిల్లర్ ఫ్రీ ఏజెంట్ అయ్యే నాటికి అతనికి 31 ఏళ్లుంటాయి, డి వ్రీస్‌కి 23.